చీమ చిటుక్కుమన్నను మ్రోగు గంట

నిలిపియున్న కారును దొంగ తాకినచో అరచుటకై దానిలో అమర్చిన గంటను కారు అలారము అందురు. దొంగ తాకినపుడు మాత్రమే అది అరచినచో చిక్కు లేదు. ప్రక్కనుండి బరువులారీ పోయినను, ఉరుము ఉరిమినను, వీధిలో పిల్లలు విసరిన బంతి తగిలినను, పిల్లి పైకి దూకినను అది అరచుచుండిన యెడల ఏమి చేయవలెను? చీమ చిటుక్కుమన్నను మ్రోగు గంటను ఇరుగుపొరుగువారు రెండు మూడు రాత్రులు సహింతురు. నాలుగవ రాత్రి యజమానిని నిద్రలేపి తగవు పెట్టుకొందురు. ఆ పిమ్మట అది ఎంత అరచినను కిటికీ తెరచి చూడరు. నిజముగా దొంగ వచ్చునది అట్టి రాత్రియే కావచ్చును. "నాన్నా పులి" కథలోని పిల్లవాడు అబద్ధమాడినాడు. ఈ గంట అబద్ధమాడుట లేదు. తనకు తెలిసినంతవరకు నిజమే చెప్పుచున్నది, ఏదో కదలినదని. కదలిక వేరు, దొంగతనము వేరు అను సంగతి మాత్రము దానికి తెలియదు.

ఇట్టి అలారములలో చాలవాటికి ఒక చిన్న మర ఉండును. దానిని ఒక ప్రక్కకు త్రిప్పినచో గంట మరింత సున్నితమగును, రెండవ ప్రక్కకు త్రిప్పినచో మొద్దుబారును. ఈ మరను ఎక్కడ నిలుపవలెను అను ప్రశ్న చూచుటకు చిన్నది. కాని దీనికి సరియైన సమాధానము కొరకు భూకంపములను కనిపెట్టువారు, శత్రువిమానములకై ఆకాశమును గాలించువారు, గణాంకశాస్త్రజ్ఞులు, కార్ల కర్మాగారములలోని ఇంజనీర్లు ఒకరికి తెలియక ఒకరు శ్రమించిరి. ఆ కథ కారుకంటె చాల పాతది.

చేలగట్లపై అడవిపందుల కొరకు తీగ కట్టి, దానికి ఖాళీ రేకుడబ్బాలు వ్రేలాడదీయు రైతునకు ఈ చిక్కు పుస్తకము చదువకనే తెలియును. తీగను బిగించి కట్టినచో గాలి వీచినప్పుడెల్ల డబ్బాలు గలగలలాడును. రైతు నాలుగుసార్లు లేచి, అయిదవసారి దుప్పటి ముసుగు పెట్టును. వదులుగా కట్టినచో పంది తీగను నెట్టుకొనిపోయినను చప్పుడు కాదు. తీగ బిగువే ఆ అలారమునకు మర.

కదలికను కనిపెట్టి తెలుపు యంత్రములలో చరిత్రకెక్కిన మొదటిది చైనా దేశములోనిది. క్రీ. శ. 132లో హాన్ రాజుల ఆస్థానమున ఉండిన జాంగ్ హెంగ్ అను పండితుడు కంచుతో పెద్ద పాత్ర యొకటి చేయించెను. పాత్ర చుట్టును ఎనిమిది దిక్కులకు ఎనిమిది డ్రాగను తలలు, ఒక్కొక్క నోటిలో ఒక్కొక్క గోళీ, క్రింద నోరు తెరచి కూర్చున్న కప్పలు. భూమి కంపించినచో ఒక గోళీ జారి క్రిందనున్న కప్ప నోటిలో ఖంగుమని పడును. లోపలి యంత్రము నేడు మిగిలి లేదు. లోలకమో, తలక్రిందుగా నిలిపిన స్తంభమో దానిని నడిపియుండునని పండితుల యూహ. ఒకనాడు గోళీ పడినది గాని రాజధానియైన లోయాంగ్‌లో ఎవరికిని కంపము తెలియలేదు. పండితులందరు యంత్రము తప్పు పలికినదని అనుకొనిరి. కొన్ని దినములకు పడమటనున్న లోంగ్షీ ప్రాంతమునుండి వార్తాహరుడు వచ్చి అచ్చట భూకంపము కలిగినదని తెలిపెను. చైనా చరిత్రగ్రంథము ఈ సంగతిని వ్రాసి, ఆ పిమ్మట అందరును యంత్రమును నమ్మిరని చెప్పుచున్నది.

ఈ కథలో సాధారణముగా మెచ్చుకొనబడునది యంత్రము. కాని అంతకంటె గమనింపదగినది ఆ కొద్ది దినముల వ్యవధి. గోళీ పడినది, పడుట నిజమా, వట్టిదా అని తేల్చుటకు రెండవ సాక్షి రావలసియుండెను. ఆ యంత్రమునకు తానుగా తేల్చుకొను శక్తి లేదు. నగరములో బరువుబండి దొరలినను, కోటతలుపు దబాలున మూసినను గోళీ పడకుండునట్లు దానిని అమర్చుట ఎట్లు సాధ్యమైనదో గ్రంథము చెప్పలేదు.

దొంగల కొరకు విద్యుత్తుతో పనిచేయు గంట 19వ శతాబ్దములో వచ్చినది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రమునందలి సోమర్‌విల్ అను ఊరివాడగు ఆగస్టస్ రస్సెల్ పోప్ 1853లో దీనికి పేటెంటు పొందెను. తలుపునకును కిటికీకిని లోహపు పలకలు బిగించి వాటిని బ్యాటరీకి కలిపెను. తలుపు తెరచినంతనే విద్యుద్వలయము పూర్తియగును, విద్యుదయస్కాంతము చిన్న సుత్తిని లాగును, సుత్తి గంటను కొట్టును. 1857లో ఎడ్విన్ హోమ్స్ అను వర్తకుడు ఈ హక్కును కొని, మరుసటి సంవత్సరము బోస్టన్‌లో వ్యాపారము మొదలుపెట్టి, 1859లో న్యూయార్క్ నగరమునకు మార్చెను. బోస్టన్‌లో ఈ గంటల కొరకు వేసిన తీగలే 1877లో పగటివేళ టెలిఫోను సంభాషణలకును, రాత్రివేళ దొంగల కావలికిని ఉపయోగపడినవనుట ఒక చిత్రమైన సంగతి.

పోప్ గంటలో సున్నితత్వపు తగవు లేదు. తలుపు తెరచియున్నదా, మూసియున్నదా అను రెండింటిలో ఒకటియే దానికి కావలెను. నడుమ మెట్టు లేదు. కారు విషయములో ఇది చాలదు. దొంగ తలుపు తెరువకనే అద్దము పగులగొట్టి చేయి లోనికి పెట్టగలడు, చక్రములు ఊడదీయగలడు, ముందుభాగమునకు గొలుసు తగిలించి బండినే ఈడ్చుకొనిపోగలడు. కావున గంటకు కన్ను చాలదు, స్పర్శ కావలసివచ్చినది. స్పర్శతోపాటు "ఎంత తాకినచో తాకినట్లు?" అను ప్రశ్నయు వచ్చినది.

కారు కంపమును పసిగట్టుటకు పలువిధములైన సాధనములు వాడబడినవి. అన్నిటికంటె సులభమైనది సన్నని స్ప్రింగు చివర చిన్న బరువు. దాని చుట్టును లోహపు కడియము. బండి అదరినచో బరువు ఊగి కడియమునకు తగులును, వలయము పూర్తియగును. ఇచ్చట మర త్రిప్పుట యనగా బరువునకును కడియమునకును నడుమ ఎడమును పెంచుటో తగ్గించుటో. రెండవ పద్ధతిలో స్ప్రింగుపై చిన్న అయస్కాంతమును నిలిపి, దాని దగ్గర తీగచుట్టను ఉంచుదురు. అయస్కాంతము కదలినపుడు చుట్టలో విద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే కనుగొనిన సూత్రమే ఇది. మూడవ పద్ధతిలో పీజో స్ఫటికమును వాడుదురు. కొన్ని స్ఫటికములను నొక్కినచో వాటి ముఖములపై విద్యుదావేశము కలుగునని 1880లో పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ క్యూరీ కనుగొనిరి. అదరు తగిలినపుడు స్ఫటికము చిన్న విద్యుత్పీడనమును ఇచ్చును.

పై రెండు పద్ధతులలోను పుట్టిన విద్యుత్పీడనమును ఒక నియమిత పీడనముతో పోల్చి చూచు చిన్న వలయము కలదు. వచ్చినది నియమితముకంటె ఎక్కువైనచో గంట మ్రోగును, తక్కువైనచో ఊరకుండును. మర త్రిప్పినపుడు జరుగునదెల్ల ఒక విద్యున్నిరోధము మారి ఆ పోలిక మారుటయే. స్ఫటికము అంతకు ముందెంత గ్రహించుచుండెనో ఇప్పుడును అంతయే గ్రహించుచున్నది. మారినది దాని చెవి కాదు, ఎంత వినిన పిదప నోరు తెరువవలెనను హద్దు. మరను గూర్చి వ్యవహరించువారిలో చాలమంది గుర్తింపని భేదము ఇదియే.

హద్దును పెంచినచో పిల్లికి మ్రోగుట మానును. ఐతే మెల్లగా, మెలకువతో పనిచేయు దొంగకును మ్రోగుట మానును. అనుభవముగల దొంగ కారును తన్నడు. ఆకతాయి పిల్లలు తన్నుదురు. దొంగ చేయు అదరు కొన్ని సమయములలో ఉరుము చేయు అదరుకంటె చిన్నది. రెండు రాసులు ఒకదానిపై నొకటి పడియున్నప్పుడు వాటి నడుమ ఎక్కడ గీత గీచినను కొన్ని గింజలు అటుదిటు, ఇటుదటు పడక తప్పదు.

ఇందులోని లెక్కను విద్యార్థులు స్వయముగా వేసి చూచుకొనవచ్చును. ఉదాహరణకు ఒక కారునకు దినమునకు పది వట్టి అదరులు తగులుచున్నవని అనుకొందము. పది సంవత్సరములలో ఒక్కసారి దొంగ వచ్చుననియు, అలారము నూరు వట్టి అదరులలో తొంబదితొమ్మిదింటిని సరిగా విడిచిపెట్టుననియు అనుకొందము. నూటికి తొంబదితొమ్మిది అనగా పరీక్షలో మొదటి తరగతియే గదా! పది సంవత్సరములకు దినములు 3,650. వట్టి అదరులు 36,500. వాటిలో నూటికొకటి చొప్పున 365 సార్లు గంట వట్టిగా మ్రోగును. దొంగ వచ్చినపుడు ఒకసారి మ్రోగును. గంట మ్రోగిన 366 సార్లలో నిజమైనది ఒకటి. ఇరుగుపొరుగువారు కిటికీ తెరువకుండుటకు వారి కఠినహృదయము కారణము కాదు. లెక్కప్రకారము వారు చేయుచున్నది తెలివైన పనియే. దొంగతనము మిక్కిలి అరుదైనది గనుక, నూటికొక తప్పు కూడ భరింపరాని తప్పగుచున్నది. యంత్రము చెడినందున కాదు, దొంగలు తక్కువగుటచే గంట విలువ పోవుచున్నది!

రెండు తప్పులకు వేరువేరు పేర్లు పెట్టి, ఒకదానిని తగ్గించినచో రెండవది పెరుగునని గణితముతో నిరూపించినవారు జెర్జీ నేమన్, ఈగాన్ పియర్సన్ అను గణాంకశాస్త్రజ్ఞులు. వారి ప్రసిద్ధ వ్యాసము 1933లో లండను రాయల్ సొసైటీ పత్రికలో వెలువడినది. లేనిదానిని ఉన్నదనుట మొదటి తరగతి తప్పు; ఉన్నదానిని లేదనుట రెండవ తరగతి తప్పు. వట్టిగంటలను ఇంతకు మించనీయను అని ముందుగా ఒక మితి పెట్టుకొని, ఆ మితికి లోబడి దొంగను పట్టు అవకాశమును వీలైనంత పెంచుట ఉత్తమమైన పద్ధతి యని వారు చూపిరి. అట్లు చేయుటకు వచ్చిన సంకేతము దొంగవలన పుట్టుటకు ఎంత అవకాశము కలదో, వట్టి అదరువలన పుట్టుటకు ఎంత అవకాశము కలదో లెక్కించి, ఆ రెండింటి నిష్పత్తిని హద్దుతో పోల్చవలెను. వారు కారు గంటలను గూర్చి ఆలోచింపలేదు. శాస్త్రపరీక్షలను గూర్చి ఆలోచించిరి. ఐనను పోలిక అక్షరాల సరిపోవును.

సంకేతము చాల బలహీనమైనపుడు ఏ పరీక్ష ఉత్తమమో తేల్చుటకు తోడ్పడిన ఒక వ్యాసము మన దేశమునుండి 1946లో "సంఖ్య" పత్రికలో వెలువడినది. దానిని వ్రాసిన ఇద్దరిలో ఒకరు తెలుగువారైన కల్యంపూడి రాధాకృష్ణారావు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితమున ఎం. ఏ. చదివి, కలకత్తా గణాంకసంస్థకు పోయి, ప్రపంచప్రసిద్ధుడైన సి. ఆర్. రావు గారే వారు. రెండవవారు ఎస్. జె. పోటి. గట్టిగా తట్టినవానిని ఎవరైనను కనిపెట్టగలరు. మెల్లగా తట్టినవానిని కనిపెట్టుటలోనే పరీక్షకు పరీక్ష.

రెండవ ప్రపంచయుద్ధములో రాడార్ వచ్చిన పిదప ఈ గణితమునకు ప్రాణము వచ్చినది. రాడార్ తెరపై విమానముయొక్క ప్రతిధ్వనియు, యంత్రములోనే పుట్టు విద్యుత్తు రొదయు కలిసి కనబడును. హద్దు తగ్గించినచో రొద యంతయు విమానములై కనబడును. పెంచినచో దూరమునున్న విమానము దాగిపోవును. అమెరికాలో రాండ్ సంస్థలోని మార్కమ్ 1947లో ఈ విషయమును గణితరీత్యా పరిష్కరించి, ఎన్ని వట్టిసూచనలకు ఒప్పుకొనినచో ఎంత దూరమునందలి విమానమును పట్టగలమో పట్టికలు కట్టెను. "వట్టి అలారము" అను మాట అప్పటినుండి శాస్త్రపరిభాషలో స్థిరపడినది. 1954లో మిషిగన్ విశ్వవిద్యాలయమున పీటర్సన్, బర్డ్‌సాల్, ఫాక్స్ అను ఇంజనీర్లు ఈ సిద్ధాంతమును సంపూర్ణముగా వ్రాసిరి. అదే సంవత్సరము అదే విశ్వవిద్యాలయములో టానర్, స్వెట్స్ అనువారు దీనిని మనుష్యుని కంటికి అన్వయించిరి. మసకవెలుతురు కనబడినదా లేదా అని అడిగినపుడు మనుష్యుడు చెప్పు జవాబులో రెండు వేరువేరు సంగతులు కలిసియున్నవని వారు చూపిరి. ఒకటి కంటి చురుకుదనము. రెండవది, ఏమాత్రము అనుమానమున్నను "అవును" అను స్వభావమా, నిశ్చయమైననే గాని "అవును" అనని స్వభావమా యనునది. చెవియు నోరును వేరు అని పైన చెప్పిన భేదమే ఇది.

వట్టిగంట ఎంత దూరము తీసికొనిపోగలదో 1960 అక్టోబరు 5న తెలియవచ్చినది. గ్రీన్‌లాండ్‌లోని థూలే యందు శత్రుక్షిపణులను దూరమునుండి కనిపెట్టుటకై అమెరికావారు అప్పుడే నెలకొల్పిన మహారాడార్ క్షిపణులు వచ్చుచున్నవని తెలిపెను. అధికారులు ఊపిరి బిగబట్టిరి. రష్యా నాయకుడు కృశ్చేవ్ ఆ దినములలో న్యూయార్క్‌లోనే ఉండెను. తమ నాయకుడు ఉన్న దేశముపై రష్యావారు దాడి చేయుదురా అని ఆలోచించి వారు తొందరపడలేదు. తుదకు తేలినదేమనగా, రాడార్ కిరణములు నార్వే దిక్కున ఉదయించుచున్న చంద్రునికి తగిలి తిరిగివచ్చినవి. చంద్రుడు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరమున ఉన్నాడు. సెకనునకు 3 లక్షల కిలోమీటర్లు పోవు కిరణము అచ్చటికి పోయి వచ్చుటకు రెండున్నర సెకనులు పట్టును. అంత ఆలస్యముగా వచ్చు ప్రతిధ్వనిని గూర్చి యంత్రము నిర్మించినవారు తలంపలేదు. ఇచ్చట మరను త్రిప్పి రాడార్‌ను మొద్దుబార్చినచో ఫలితము ఉండెడిదా? చంద్రుడు కనబడకుండునంతగా మొద్దుబారిన రాడార్‌నకు దూరమునందలి చిన్న క్షిపణియు కనబడదు. ఆ దినమున రక్షించినది మర కాదు; రాడార్‌తో సంబంధము లేని రెండవ సాక్ష్యము, కృశ్చేవ్ ఉనికి.

కారులోనే ఉన్న మరియొక సాధనము ఈ సంగతిని నిశ్శబ్దముగా అమలులో పెట్టినది. అది గాలిసంచి, ఎయిర్‌బ్యాగ్. కారు గుద్దుకొనినపుడు సెకనులో కొన్ని వందవ వంతుల కాలములో సంచి ఉబ్బి మనుష్యుని కాపాడవలెను. గుంతలో చక్రము పడినపుడు మాత్రము అది ఉబ్బరాదు. ఉబ్బినచో నడుపువాని ముఖముపై ప్రేలి, తానే ప్రమాదమును తెచ్చిపెట్టును. కారు అలారము తప్పు పలికినచో నిద్ర పోవును. గాలిసంచి తప్పు పలికినచో ప్రాణము పోవచ్చును. అలెన్ బ్రీడ్ అను అమెరికా ఇంజనీరు 1960ల చివర దీని కొరకు చేసిన సాధనము చూచుటకు ముచ్చటగా ఉండును. చిన్న గొట్టములో ఒక ఉక్కుగుండు, దానిని వెనుకకు పట్టియుంచు అయస్కాంతము, ముందువైపు రెండు విద్యుత్తు మొనలు. అదరు చాలినంత బలముగా ఉన్ననే గుండు అయస్కాంతమును విడిపించుకొనును. గొట్టములోని గాలి దానిని అడ్డగించుటచే, ఆ అదరు చాలినంతసేపు నిలిచిననే అది మొనలను చేరును. బలము ఒక్కటియే కాదు, వ్యవధియు లెక్కకు వచ్చుచున్నది. గుంత కొట్టు దెబ్బ గట్టిదైనను క్షణికము; గుద్దుకొనుట కొంత దీర్ఘము. జాంగ్ హెంగ్ గోళీ పద్దెనిమిది వందల ఏండ్లకు మరల గొట్టములో ప్రత్యక్షమైనట్లున్నది.

బ్రీడ్ సాధనము వంటివి రెండింటిని వరుసగా కలుపుట ఆ కాలపు గాలిసంచులలో వాడుక. ఒకటి కొంచెము తేలికగా కదలునది, రెండవది గట్టి దెబ్బకే కదలునది. రెండును ఏకకాలమున ఔననిననే సంచి ఉబ్బును. ఒక దానిలో తీగ తుప్పుపట్టి తనంతట తాను కలిసినను రెండవది ఊరకుండును. 1990లలో సిలికాను పలుకుపై చెక్కిన సూక్ష్మ త్వరణమాపకములు వచ్చి గుండ్లను తొలగించినవి గాని, ఒక్కరి మాటపై సంచిని ప్రేల్చరాదను నియమమును తొలగింపలేదు.

పైన వేసిన లెక్కకు దీనిని అన్వయించి చూడవలెను. నూటికొకసారి తప్పు పలుకు అలారములు రెండుండి, వాటి తప్పులకు ఒకదానితో నొకటికి సంబంధము లేనిచో, రెండును ఒకేసారి తప్పు పలుకుట పదివేలకొకసారి. 36,500 అదరులలో 365కు బదులు మూడో నాలుగో వట్టిగంటలు. దొంగను పట్టు శక్తియు కొంత తగ్గును. ఒక్కొక్కటి పదింటికి తొమ్మిదిసార్లు పట్టగలిగినచో రెండును కలిసి పట్టునది నూటికి 81 సార్లు. తొంబది ఎనుబదియొకటికి దిగినది. మూడువందల అరువదియైదు నాలుగునకు దిగినది. ఇంత లాభమును ఇచ్చు స్థానము మరలో ఎక్కడ వెదకినను సామాన్యముగా దొరకదు. ఐతే "సంబంధము లేనిచో" అను మాటను మరువరాదు. ఒకే తలుపునకు ఒకే రకపు స్ఫటికములు రెండు బిగించినచో లారీ పోయినపుడు రెండును కలిసియే అరచును. ఒకటి అదరును, రెండవది లోపలి గాలిలో కదలికను చూచునదైననే సాక్షులు ఇద్దరగుదురు.

హద్దును స్థిరముగా ఉంచక, పరిసరములనుబట్టి మార్చుకొనుట మరియొక ఉపాయము. రాడార్‌లో చుట్టుప్రక్కల రొద ఎంతయున్నదో కొలిచి హద్దును దానితోపాటు పెంచుచు తగ్గించుచు ఉండు పద్ధతిని 1968లో ఫిన్, జాన్సన్ అనువారు వివరించిరి. భూకంపముల విషయములో 1978లో రెక్స్ ఆలెన్ అదే దారిన నడచెను. గడచిన ఒకటి రెండు సెకనుల కంపపు సగటును, గడచిన దీర్ఘకాలపు సగటుతో భాగించి, ఆ భాగఫలము పెద్దదైనపుడే భూకంపమని భావించుట ఇట్టి పద్ధతుల సారము. రద్దీ వీధిప్రక్కనున్న భూకంపమాపకము రద్దీకి అలవాటుపడును, అకస్మాత్తు మార్పునకు మేల్కొనును. కారు అలారములు చేసిన కొన్ని సంస్థలును దీనికి నాటుపోలిక యొకటి అమర్చినవి. ఒకే సాధనము గంటలో పలుమార్లు అరచినచో, అది తప్పుదారిన పడినదని ఎంచి కొంతసేపు దాని మాట వినకుండుట. తెలివైన ఏర్పాటే గాని ఓపికగల దొంగకు ఇది దారి చూపును. కారును మాటిమాటికి తట్టి దాక్కొని, అలారము అలిసిపోయిన పిదప పని కానిచ్చుకొనును!

రెండు మెట్ల అలారము అంతకంటె మెరుగు. తేలిక అదరునకు అది ఒకటి రెండుసార్లు కిచకిచమని ఊరకుండును. గట్టి అదరునకే పూర్తిగా అరచును. కుక్క ముందు గుర్రుమని, పిమ్మట మొరిగినట్లు. పిల్లి కిచకిచకే పారిపోవును. తప్పు జరిగినను దాని వెల చిన్నది.

మర త్రిప్పువారు ఈ సంగతులను మనస్సున నుంచుకొనుట మేలు. మొట్టమొదట, అరచుచున్నది నిజముగా స్పర్శసాధనమేనా యని చూడవలెను. బానెట్టు క్రిందనున్న చిన్న మీట తుప్పుపట్టినను, తలుపు సరిగా మూతపడకున్నను, బ్యాటరీ నీరసించినను అలారము అట్లే అరచును. అప్పుడు మర ఎంత త్రిప్పినను ఉపయోగము లేదు. సాధనము బిగింపు వదులైనదా, ఎచ్చట బిగించినారు అనునది రెండవ ప్రశ్న. గట్టి లోహముపై బిగించినచో దూరపు అదరు కూడ చేరును. మెత్తని ప్లాస్టిక్కుపై బిగించినచో దగ్గరి దెబ్బయు మెత్తబడును. ఆ పిమ్మట మరను అతితక్కువ సున్నితత్వమునకు తెచ్చి, అలారము కావలి మొదలుపెట్టువరకు ఆగి, అద్దముపై గాక తలుపు ప్రక్కనున్న స్తంభముపై పిడికిలి మెత్తనివైపుతో కొట్టి చూడవలెను. మ్రోగనిచో మరను కొద్దిగా, గడియారపు ముల్లు కదలినంత మాత్రమే పెంచి మరల కొట్టవలెను. ఎక్కువనుండి తగ్గించుకొని వచ్చుటకంటె తక్కువనుండి పెంచుకొని పోవుట మంచిది. పరీక్షించునది పగటివేళ గదా. రాత్రి చల్లదనములో స్ప్రింగు, జిగురు, ప్లాస్టిక్కు వేరుగా ప్రవర్తించును గావున ఒక రాత్రి గడచిన పిదప మరల చూడవలెను.

ఇంత శ్రమపడి అమర్చిన గంట దొంగతనములను తగ్గించినదా? 1980లు, 1990లలో న్యూయార్క్ వంటి నగరములలో కారు అలారముల రొద ఒక ప్రజాసమస్య అయ్యెను. కారు అలారము మూడు నిమిషములలోపల తానే ఆగిపోవలెనని ఆ నగరము నిబంధన చేసెను. అమెరికాలో భీమా లెక్కలను పరిశీలించు హైవే లాస్ డేటా ఇన్‌స్టిట్యూట్ 1997లో లక్షలకొలది కార్ల వివరములను చూచి, అలారముగల కార్లలో దొంగతనపు నష్టము మొత్తముమీద తగ్గినట్లు కనబడలేదని తేల్చెను. 366లో ఒకటి అను లెక్క వేసినవారికి ఇది ఆశ్చర్యము కలిగింపదు. వినువాడు లేని గంట ఎంత సరిగా మ్రోగినను లాభమేమి?

చివరకు మార్గము వేరొక దిక్కునుండి వచ్చినది. "ఎవరు తాకిరి?" అని అడుగుట మాని, "తాళముచెవి ఎవరిది?" అని అడుగుట మొదలైనది. 1986లో జనరల్ మోటార్స్ వారు కార్వెట్ కారు తాళముచెవిలో చిన్న విద్యున్నిరోధమును పొదిగిరి. పదునైదు విలువలలో ఆ కారునకు చెందిన విలువ ఉన్న చెవి పెట్టిననే ఇంజను నడచును. తరువాతి చెవులలో నిరోధమునకు బదులు రహస్యసంఖ్యను రేడియోద్వారా తెలుపు బిళ్ళ వచ్చినది. యూరపు సంఘ దేశములలో 1998 చివరనుండి క్రొత్త కార్లన్నిటికి ఇట్టి ఇంజను అడ్డుకట్టను తప్పనిసరి చేసిరి. నెదర్లాండ్స్‌లోని లెక్కలను పరిశీలించిన ఆర్థికశాస్త్రజ్ఞులు దీనివలన కార్ల దొంగతనములు బాగుగా తగ్గినవని కనుగొనిరి. ఈ సాధనము అరవదు, ఎవరి నిద్రను చెరపదు. సంఖ్య సరిపోవుటయో సరిపోకపోవుటయో గాని నడుమ మెట్టు లేనందున దీనికి సున్నితత్వపు మరయు లేదు. పోప్ తలుపుగంట వలె ఇదియు ఔను, కాదు అను రెండు మాటలే ఎరుగును.

ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడను సామెత దీనికిని తగులును. ఇంటిలోని తాళముచెవి పంపు రేడియో సంకేతమును బయటినుండి అందుకొని, పెంచి, కారునకు వినిపించు దొంగలు తరువాతి కాలమున బయలుదేరిరి. కారు తన యజమానియే వచ్చినాడని నమ్మి తలుపు తెరచును. ఇక చక్రములను ఊడదీయువానికిని, బండిని ఎత్తి లారీపై వేసికొనిపోవువానికిని ఇంజనుతో పనియే లేదు. కావున అదరును, వంపును కనిపెట్టు సాధనములు కార్లలోనుండి పోలేదు. వంపును కనిపెట్టు సాధనమున్న కార్లలో పెక్కింటికి దానిని కొంతసేపు ఆపుచేయు మీట యొకటి ప్రత్యేకముగా ఇచ్చినారు. కారును పడవపై ఎక్కించి నదియో సముద్రపు పాయయో దాటించునపుడు, అలల ఊపునకు అది దారిపొడవునను అరవకుండుటకు.